హిల్బర్ట్ పదో సమస్య: ఏ కంప్యూటరూ తేల్చలేని ప్రశ్న వెనుక చరిత్ర

జర్మన్ గణితవేత్త డేవిడ్ హిల్బర్ట్ 1900లో లేవనెత్తిన ఒక ప్రశ్న, అంటే ఏ సమీకరణానికైనా పూర్ణసంఖ్యల్లో సాధన ఉందో లేదో తేల్చే పద్ధతిని కనిపెట్టాలన్నది, 2024 డిసెంబరులో మళ్లీ చర్చకు వచ్చింది. ఆ ప్రశ్నకు 1970లోనే ‘సాధ్యం కాదు’ అన్న జవాబు దొరికింది. అది మామూలు పూర్ణసంఖ్యలకే కాక, బీజీయ సంఖ్యాక్షేత్రాలన్నిటిలోని (మామూలు సంఖ్యలకు √2 వంటివి చేర్చి విస్తరించిన సంఖ్యా వ్యవస్థలు) పూర్ణసంఖ్యలకూ వర్తిస్తుందని గణితవేత్తలు పీటర్ కోయ్‌మాన్స్, కార్లో పగానో నిరూపణను వెలువరించారు. ఆ తర్వాత కొద్ది కాలానికే గణితవేత్త మంజుల్ భార్గవ సభ్యుడిగా ఉన్న నలుగురి బృందం వేరే దారిలో అదే ఫలితానికి చేరింది. ఈ పరిణామం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ప్రశ్న పుట్టిన చోటికి వెళ్లాలి.

పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ గణిత మహాసభ సందర్భంగా హిల్బర్ట్ ప్రకటించిన 23 సమస్యల్లో ఇది పదోది. పూర్ణసంఖ్యలు గుణకాలుగా, ఎన్ని అవ్యక్త రాశులైనా (x, y వంటివి) ఉండే ఒక బహుపది సమీకరణాన్ని ఇస్తే, దానికి పూర్ణసంఖ్యల్లో సాధన ఉందో లేదో పరిమితమైన మెట్లలో తేల్చే పద్ధతిని కనిపెట్టాలి. అటువంటి పద్ధతి అసలు ఉందా అని ఆయన అడగలేదు. కనిపెట్టమని మాత్రమే అడిగారు.

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. రెండు అవ్యక్త రాశుల సరళ సమీకరణాలకు ఆర్యభటుడు కుట్టక పద్ధతిని చెప్పాడు. వర్గ సమీకరణాల్లో ఒక క్లిష్టమైన రకాన్ని బ్రహ్మగుప్తుడు చేపట్టగా, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు చక్రవాల పద్ధతితో దాన్ని సాధించి చూపాడు. ఉదాహరణకు, ఒక సంఖ్య వర్గాన్ని 61తో హెచ్చవేసి 1 కలిపితే మరో సంఖ్య వర్గం రావాలి. దీనికి అతి చిన్న ధన పూర్ణసంఖ్యా సాధన 22,61,53,980, 1,76,63,19,049. చూడడానికి ఇంత చిన్నదిగా ఉన్న సమీకరణం వెనుక అంత పెద్ద సంఖ్యలు దాగి ఉండడం గమనించదగినది, ఎందుకంటే పదో సమస్యలోని చిక్కంతా అక్కడే ఉంది.

సాధన ఉంటే, సంఖ్యలన్నిటినీ వరుసగా ప్రయత్నిస్తూ పోయినా ఎప్పటికో ఒకప్పటికి అది దొరుకుతుంది. లేకపోతే వెతుకులాటకు అంతం ఉండదు, ఎక్కడ ఆపవచ్చో చెప్పే హద్దూ ముందుగా తెలియదు. మూడు పూర్ణసంఖ్యల ఘనాల మొత్తంగా 42ను రాయగలమా అన్న ప్రశ్న దశాబ్దాల పాటు తేలలేదు. చివరికి 2019లో ఆండ్రూ బుకర్, ఆండ్రూ సదర్లాండ్ ఇళ్లలోని కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని కూడగట్టి 17 అంకెల సంఖ్యల్లో దాని సాధనను పట్టుకున్నారు. 114 విషయం నేటికీ తేలలేదు.

పద్ధతి ఉందని చూపడానికి ఒక పద్ధతిని చూపితే చాలు. లేదని చూపాలంటే మాత్రం ‘పద్ధతి’ అంటే ఏమిటో ముందు కచ్చితంగా నిర్వచించాలి. హిల్బర్ట్ కాలానికి ఆ నిర్వచనం లేదు. 1936లో అలాంజో చర్చ్, అలన్ ట్యూరింగ్ విడివిడిగా దాన్ని సమకూర్చారు. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఇంకా రాలేదు; ట్యూరింగ్ కాగితం మీద ఊహించిన యంత్రమే గణనకు కొలమానమైంది. ఏ ప్రోగ్రామ్ ఎప్పటికైనా ఆగుతుందో, ఏది ఆగదో అన్ని సందర్భాల్లోనూ చెప్పగల ప్రోగ్రామ్ ఉండదన్నది ఆ పునాది మీద నిలిచిన ఫలితం. అటువంటిది ఉందనుకుంటే, అది చెప్పినదానికి విరుద్ధంగా నడిచే మరో ప్రోగ్రామ్‌ను దానితోనే కట్టవచ్చు, అప్పుడు వైరుధ్యం వస్తుంది.

ఈ ఫలితాన్ని సమీకరణాలకు ముడిపెట్టిన శ్రమ అమెరికాలో మొదలై రష్యాలో ముగిసింది. గణనతో ఏకరువు పెట్టగల, అంటే ఒక ప్రోగ్రామ్ ఒక్కొక్కటిగా రాసుకుంటూ పోగల, ప్రతి సంఖ్యాసమితినీ ఒక బహుపది సమీకరణంతో వర్ణించవచ్చని మార్టిన్ డేవిస్ ఊహించారు. 2, 4, 8, 16 లాగా ఘాతం లెక్కన వేగంగా పెరిగే ఒక్క సంబంధాన్ని బహుపదులతో చెప్పగలిగితే దారి తెరుచుకుంటుందని జూలియా రాబిన్సన్ గుర్తించారు. ఈ చరిత్రలో అతి లోతైన చూపు ఆమెదేనని నా అభిప్రాయం. డేవిస్, హిలరీ పుట్నమ్, రాబిన్సన్ కలిసి 1961లో ప్రచురించిన పత్రంతో మిగిలింది ఆ ఒక్క మెట్టే. 1970 జనవరిలో లెనిన్‌గ్రాడ్‌కు చెందిన 22 ఏళ్ల యూరీ మతియాసెవిచ్ దాన్ని ఫిబొనాచ్చి సంఖ్యల (1, 2, 3, 5, 8 ఇలా ప్రతిదీ ముందున్న రెండిటి మొత్తంగా వచ్చేవి) సాయంతో ఎక్కారు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు లెక్కగట్టి, నాలుగు మాత్రలను ఐదు విధాలుగా, ఐదు మాత్రలను ఎనిమిది విధాలుగా అమర్చవచ్చని లెక్కించిన మన ఛందశ్శాస్త్రకారులకు ఆ శ్రేణి ఫిబొనాచ్చి కంటే ముందే తెలుసు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో రాబిన్సన్, మతియాసెవిచ్ కలిసి పత్రాలు రాశారు. సాధనను ధన పూర్ణసంఖ్యల్లో వెతికితే, సమీకరణంలో 13 అవ్యక్త రాశులే ఉన్నా ఈ అసాధ్యత తప్పదని చూపారు.

మతియాసెవిచ్ ఎక్కిన మెట్టుతో డేవిస్ ఊహ నిజమైంది. దాని ప్రకారం ప్రతి ప్రోగ్రామ్‌కూ ఒక సమీకరణాన్ని రాయవచ్చు, ఆ ప్రోగ్రామ్ ఆగితేనే ఆ సమీకరణానికి సాధన ఉంటుంది. అందువల్ల హిల్బర్ట్ కోరిన పద్ధతి దొరికితే ట్యూరింగ్ అసాధ్యమన్నది సాధ్యమవుతుంది. ఇక్కడ అడ్డు వేగం కాదు, జ్ఞాపకశక్తి కాదు. కంప్యూటర్ ఎంత పెద్దదైనా, క్వాంటం కంప్యూటరైనా పరిస్థితి మారదు. అలాగని ఏ సమీకరణాన్నీ తేల్చలేమని అర్థం చేసుకోకూడదు. ఒకే అవ్యక్త రాశి ఉన్నవాటికీ, ఎన్ని రాశులున్నా రెండో ఘాతం దాటని సమీకరణాలకూ పద్ధతులున్నాయి. అన్నిటికీ కలిపి ఒకే పద్ధతి లేదన్నదే ఫలితం.

పూర్ణసంఖ్యలకు బదులు అకరణీయ సంఖ్యల్లో (పూర్ణసంఖ్యల భిన్నాలుగా రాయగలవాటిలో) సాధన ఉందా అని అడిగితే మాత్రం, దాన్ని తేల్చే పద్ధతి ఉందో లేదో ఈనాటికీ తెలియదు. అకరణీయ సంఖ్యల భాషలో పూర్ణసంఖ్యలను గుర్తించవచ్చని రాబిన్సన్ తన డాక్టరేట్ పరిశోధనలోనే చూపారు. కానీ ఆమె ఇచ్చిన నిర్వచనం ఒక బహుపది సమీకరణపు రూపంలో లేదు. ఆ రూపంలో దొరికితే అసాధ్యత అక్కడికీ పాకుతుంది. అలా దొరకదని సూచించే ఒక ఊహను బారీ మేజర్ 1992లో ప్రతిపాదించారు. దాన్ని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు, ఖండించనూ లేదు.