మోకాల్లోతు మంచంటే ఎవరి మోకాలు?

మంచు పడే ఊళ్లలో ఏ చలికాలంలోనైనా వినపడే మాట ఒకటుంది. "ఇదేం మంచు! ఆ ఏడు పడిందే, అదీ మంచంటే." చెప్పే మనిషి చెయ్యి నడుం దగ్గరో, గుండెల దగ్గరో ఆగుతుంది. పక్కనున్నాయన ఒప్పుకోడు. ఆ ఏడు కాదు, అంతకు ముందటేడంటాడు. మూడో మనిషికి అసలు అంత పడినట్టే గుర్తుండదు. ఎంతసేపు వాదించుకున్నా తేలదు, తేల్చడానికి సాక్ష్యం ఉండదు కాబట్టి. వరద గోడ మీద చార వదిలి వెళ్తుంది. పెనుగాలి కూలిన చెట్లని వదిలి వెళ్తుంది. మంచు మాత్రం నీరై ఇంకిపోతుంది. మిగిలేవి రెండే: మనుషుల జ్ఞాపకం, ఎవరో ఓపిగ్గా రాసిపెట్టిన అంకె.

ఈ రెండూ చాలాసార్లు కలవవు. కలవనప్పుడు జ్ఞాపకమే తప్పని, అంకే నిజమని అనుకోవడం మనకి అలవాటు. కొన్నాళ్లు మంచు కొలిచాక నాకా నమ్మకం సడలింది.

మొదటిసారి కొలిచిన రాత్రి నాకు బాగా గుర్తు. ఒక చెక్కపలకకి తెల్లరంగు వేసి, గోడలకీ చెట్లకీ దూరంగా, నేల మీద సమంగా పెట్టాను. తెల్లరంగు ఎందుకంటే, ముదురు రంగు పలక మబ్బుల్లోంచి వచ్చే కాస్త వెలుతురుకే వేడెక్కి అడుగు పొరని కరిగించేస్తుంది. రాత్రి పదింటికి మంచు ఆగింది. స్కేలు దించితే 14 సెంటీమీటర్లు. పొద్దున్న ఆరింటికి మళ్లీ దించితే 11. రాత్రంతా సున్నాకి బాగా దిగువనే ఉంది చలి, చుక్క కూడా కరగలేదు. గాలి కూడా లేదు. మరి ఆ మూడు సెంటీమీటర్లు ఏమైనట్టు?

ఏమీ కాలేదు, మంచు కుదించుకుపోయిందంతే. కొత్తగా పడ్డ మంచులో ఎక్కువ భాగం గాలే. మైనస్ 15 డిగ్రీల దగ్గర మబ్బులో పుట్టిన పలుకు ఆరు కొమ్మల నక్షత్రంలా పెరుగుతుంది. ఏ చలిలో, ఏ తేమలో ఏ ఆకారం వస్తుందో జపాన్ శాస్త్రవేత్త నకాయా ఉకిచిరో ప్రయోగశాలలో పలుకులని పెంచి చూపించాడు. 1936లో మొదటి కృత్రిమ మంచు పలుకు తయారైంది ఆయన చేతిలోనే. ఇలాంటి నక్షత్రాలు ఒకదాని కొమ్మల్లో ఒకటి చిక్కుకుని, మధ్యలో బోలెడు ఖాళీ వదిలి, దూదిలా పేరుకుంటాయి. నేలని తాకిన క్షణం నుంచే వాటి రూపం మారడం మొదలవుతుంది. కొమ్మల కొసల నుంచి ఆవిరి లేచి, పలుకులు ఒకదానికొకటి తగిలే చోట మళ్లీ గడ్డకడుతుంది. సూదిమొనలు మొద్దుబారతాయి, పైబరువుకి కింది పొర కుంగుతుంది. అంటే మంచు లోతు రాయి పొడవులాంటిది కాదు. ఎప్పుడు కొలిచామన్నది కూడా ఆ అంకెలో భాగమే.

ఇందులోంచే ఒక పెద్ద చిక్కు వచ్చింది. 1997 జనవరి 11, 12 తేదీల్లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటెగ్యూ అనే చోట 24 గంటల్లో 77 అంగుళాల మంచు పడిందని లెక్క వచ్చింది. సెంటీమీటర్లలో చెప్పాలంటే దాదాపు 196. అప్పటికి ఆ దేశపు రికార్డు కొలరాడోలోని సిల్వర్ లేక్‌ది, 1921 ఏప్రిల్‌లో 75.8 అంగుళాలు. రికార్డు బద్దలైందనుకున్నారు. నిపుణుల కమిటీ కూర్చుని చూస్తే ఒక సంగతి బయటపడింది. ఆ రోజు పలక మీది మంచుని ఆరుసార్లు కొలిచి, కొలిచినప్పుడల్లా పలకని తుడిచి, ఆరు అంకెలూ కలిపారు. రోజుకి నాలుగుసార్లకి మించి అలా చెయ్యకూడదన్నది నియమం. ఎన్నిసార్లు తుడిస్తే మంచు కుంగడానికి అంత తక్కువ సమయం దొరుకుతుంది, మొత్తం అంత పెరుగుతుంది. రికార్డు ఇవ్వలేదు. కొలిచినాయన అబద్ధం చెప్పలేదు, మంచూ అబద్ధం కాదు. అదే మంచుని నాలుగుసార్లు కొలిచి ఉంటే అంకె వేరేగా ఉండేది, అంతే తేడా.

న్యూయార్క్ నగరంలో ఇంకోటి జరిగింది. 2016 జనవరి మంచు తుఫానులో సెంట్రల్ పార్క్‌లో 26.8 అంగుళాలు పడిందని ప్రకటించారు. 2006 ఫిబ్రవరి రికార్డు 26.9. ఒక్క దశాంశం తేడాతో రెండో స్థానం. మూడు నెలల తర్వాత లెక్కలు మళ్లీ సరిచూస్తే, అంకె ఒకరి నుంచి ఇంకొకరికి చేరే దారిలో పొరపాటు జరిగిందని తేలింది. దాన్ని 27.5గా దిద్దారు. అలా 2016 మంచు కరిగిపోయిన చాన్నాళ్లకి మొదటి స్థానానికి ఎక్కింది.

అయినా ఆ నగరం తరతరాలుగా కథలు కథలుగా చెప్పుకున్నది 2016 గురించీ కాదు, 2006 గురించీ కాదు. 1888 మార్చి గురించి. అప్పుడు సెంట్రల్ పార్క్‌లో పడింది 21 అంగుళాలు, అంటే 53 సెంటీమీటర్లే. కానీ ముందు రోజు దాకా వాతావరణం చలి తగ్గి మెత్తగా ఉంది, వాన పడుతోంది. రాత్రికి రాత్రి వాన మంచుగా మారి, దాని వెనకాలే భీకరమైన గాలి వచ్చింది. గాలికి మంచు ఏట్లో ఇసుకలా మేటలు వేసింది. ఒక వీధి ఊడ్చినట్టు ఖాళీగా ఉంటే, పక్క వీధిలో మేట ఇంటి పై అంతస్తు కిటికీల దాకా లేచింది. తూర్పు తీరమంతా కలిపి 400 మందికి పైగా చనిపోయారు. తంతి తీగలు తెగిపడి ఊళ్లకి ఊళ్లు మూగబోయాయి. తీగలని భూమిలోకి దించాలని, రైళ్లు నేల కింద నడవాలని జనం గట్టిగా అడగడం ఆ తర్వాతే. ఆ తుఫానుని తట్టుకుని బతికినవాళ్లు 1929లో ఒక సంఘం పెట్టుకుని, ఏటా కలుసుకుని ఆ రోజుల్ని తలుచుకునేవారు.

వాళ్లు మర్చిపోలేనిది 53 సెంటీమీటర్లని కాదు. తలుపు తెరిస్తే ఎదురైన తెల్లటి గోడని. మేట ఎత్తు పడ్డ మంచు లోతు కాదు, నిజమే. కానీ తలుపు తెరవలేకపోయిన మనిషికి ఆ లెక్క చెప్పి ఏం ప్రయోజనం? ఆయనకి సంబంధించినంత వరకు మంచు నిలువెత్తే.

అదే 1888లో, జనవరి 12న, అమెరికా మధ్య మైదానాల మీద ఇంకో తుఫాను విరుచుకుపడింది. లోతు లెక్కలో అది చెప్పుకోదగ్గది కాదు. పొద్దున్న వెచ్చగా ఉందని పిల్లలు పల్చటి బట్టలతో బడికి వెళ్లారు. మధ్యాహ్నానికి పిండిలాంటి సన్నటి మంచు గాలిలో లేచి, చాచిన చెయ్యి కనపడకుండా చేసింది. ఇళ్లకి బయల్దేరిన పిల్లలు దారి తప్పి పొలాల్లోనే గడ్డకట్టుకుపోయారు. 235 మంది పోయారని అంచనా. స్కేలుతో చూస్తే ఆ రోజు ఏ పట్టికలోనూ పైకి రాదు. ఆ నేల మీది కుటుంబాలు మాత్రం దాన్ని మర్చిపోలేదు, మర్చిపోకూడదు కూడా.

ఇక జ్ఞాపకం సంగతి. మనం లోతుని మన ఒంటితో కొలుస్తాం. చీలమండ లోతు, మోకాల్లోతు, నడుం లోతు. మాటల్లో ఇంత సహజమైన కొలత ఇంకోటి లేదు. అయితే ఈ కొలబద్ద ఏటేటా పెరుగుతుంది. ఆరేళ్ల పిల్లకి మోకాల్లోతంటే సుమారు 30 సెంటీమీటర్లు. ఆ పిల్ల పెద్దయ్యాక అదే మంచు పిక్క దాటదు. కానీ గుర్తుండిపోయిన మాట "మోకాల్లోతు". ముప్పై ఏళ్ల తర్వాత ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చెయ్యి ఇప్పటి తన మోకాలి దగ్గర ఆగుతుంది. ఎక్కడా అబద్ధం లేకుండానే 30 కాస్తా 45 అయిపోయింది.

పెద్ద సంఘటనలు ఫొటో తీసినట్టు మనసులో నిలిచిపోతాయని 1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కూలిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దానికి 'ఫ్లాష్‌బల్బ్ మెమరీ' అని పేరు పెట్టారు. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయిన మర్నాడు, ఆ వార్త ఎక్కడ, ఎలా తెలిసిందో అల్రిక్ నైసర్, నికోల్ హార్ష్ విద్యార్థుల చేత రాయించి దాచారు. రెండున్నరేళ్లు దాటాక వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. 11 మంది చెప్పినదానిలో ఒక్క ముఖ్య వివరమూ తాము రాసిందానితో సరిపోలేదు. నమ్మకం మాత్రం గట్టిగానే ఉంది. కొందరికి తమ చేతిరాతే చూపించినా కొత్త జ్ఞాపకమే నిజమనిపించింది. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనసు ఆ సంఘటనని కొత్తగా కట్టుకుంటుంది, కట్టేటప్పుడు పక్కనున్న ఇటుకలు కూడా వచ్చి కలుస్తాయి.

రెండు చలికాలాలు ఒకటైపోవడం ఇలాగే. బ్రిటన్‌లో 1947, 1963 అలాంటి జంట. 1947లో జనవరి 22 నుంచి మార్చి 17 దాకా దేశంలో ఎక్కడో ఒకచోట రోజూ మంచు పడింది. ఇరవయ్యో శతాబ్దంలో మంచుకి అదే పేరుపడ్డ చలికాలం. 1962-63లో మంచు అంత పడలేదు, కానీ చలి వదల్లేదు. మధ్య ఇంగ్లండ్‌లో 1740 తర్వాత అంత చల్లటి శీతకాలం లేదు. డిసెంబరు చివర పడ్డ మంచు చాలా చోట్ల మార్చి మొదటి దాకా కరగలేదు. రెండు నెలలు కళ్ల ముందు తెల్లగా ఉన్న నేల మనసులో 'చాలా పడింది' అనే మాటగా మిగులుతుంది. పడ్డ మంచు వేరు, నిలిచిన మంచు వేరు. రికార్డుల్లో కూడా ఇవి వేర్వేరు గళ్లు. వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ బేకర్ దగ్గర 1998-99 సీజన్ మొత్తంలో 2,896 సెంటీమీటర్లు పడింది. ఒక్కో రోజు పడినదాన్ని కలిపిన మొత్తం అది, అంత ఎత్తున మంచు ఏనాడూ నిలబడలేదు. జపాన్‌లోని ఇబుకి కొండ మీద 1927 ఫిబ్రవరి 14న కొలిచిన 1,182 సెంటీమీటర్లు మాత్రం ఆ రోజు నేల మీద నిలిచి ఉన్న మంచు. నాలుగంతస్తుల మేడంత!

జపాన్‌లో అంత మంచు ఎలా? సైబీరియా నుంచి వచ్చే ఎముకలు కొరికే పొడిగాలి, వెచ్చటి సముద్రం మీదుగా వస్తూ తేమ తాగి, కొండలెక్కుతూ ఆ తేమని మంచుగా దించేస్తుంది. అమెరికాలో పెద్ద సరస్సుల పక్క ఊళ్లదీ ఇదే కథ. సరస్సు నీటికీ, ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున ఉన్న గాలికీ దాదాపు 13 డిగ్రీల తేడా ఉంటే చాలు, ఆవిరి లేచి మబ్బులు వరసకడతాయి. గాలి సరస్సు పొడవునా వీస్తే ఆ వరస సన్నటి పట్టీగా మారి, కదలకుండా ఒకేచోట గంటల తరబడి కురుస్తుంది. 2014 నవంబరులో ఈరీ సరస్సు ఒడ్డున బఫలో నగరానికి దక్షిణాన ఉన్న శివార్లలో 150 సెంటీమీటర్లు దాటింది. కొద్ది కిలోమీటర్లు ఉత్తరాన కొన్ని అంగుళాలే. దూరం నుంచి చూసినవాళ్లకి ఆ పట్టీ అంచు గోడ కట్టినట్టు కనిపించింది. కాబట్టి 'ఆ ఏడు అంత పడలేదు' అన్న మూడో మనిషి మతిమరుపు మనిషి కాకపోవచ్చు. ఊరికి అవతలి చివర ఉండేవాడేమో అడగాలి.

చలి ఎక్కువైతే మంచు ఎక్కువ పడుతుందన్నది కూడా నిజం కాదు. చలి ముదిరి సరస్సు పైన గడ్డకడితే ఆవిరి ఆగిపోతుంది, ఈ రకం మంచూ తగ్గిపోతుంది. బాగా చల్లటి గాలిలో తేమ పట్టదు. అంటార్కిటికా నడిమధ్యలో ఏడాదికి పడే మంచుని కరిగిస్తే 5 సెంటీమీటర్ల నీరు కూడా రాదు. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. భూమి వేడెక్కుతున్న ఈ రోజుల్లో చాలా చోట్ల మంచు నిలిచే రోజులు తగ్గుతున్నా, సున్నాకి కాస్త దిగువనున్న చోట ఒక్కసారే కుమ్మరించే మంచు రావడం ఆగకపోవడానికి ఇదొక కారణం. "మా చిన్నప్పుడు మంచు ఎక్కువుండేది" అనే పెద్దవాళ్ల మాటా నిజం కావచ్చు, పోయినేడు రికార్డు మంచు పడిందన్న మాటా నిజం కావచ్చు.

జ్ఞాపకం అచ్చంగా సరిగ్గా పట్టుకునేది ఒకటుంది. పెద్ద మంచు పడ్డ పొద్దున గురించి ఎవరిని కదిపినా ముందు చెప్పేది లోతు గురించి కాదు, నిశ్శబ్దం గురించి. అది భ్రమ కాదు. కొత్త మంచులోని గాలి గదులు శబ్దాన్ని మింగేస్తాయి. రెండు రోజుల్లో మంచు కుంగి, పైన పెళుసు పొర కట్టాక అదే నేల శబ్దాన్ని వెనక్కి కొడుతుంది. నిశ్శబ్దం గుర్తుందంటే అది పొడి మంచని, అప్పుడే పడిందని, గాలి లేదని మూడు సంగతులు తెలిసినట్టే. స్కేలు ఈ మూడింటిలో ఒక్కటీ చెప్పదు.

అందుకే ఇప్పుడు నేను లోతుతో ఆగను. నిలువు గోడలున్న డబ్బా ఒకటి పలక దగ్గరే ఉంచుకుంటాను. దాన్ని మంచులోకి బోర్లా దించి, అడుగున రేకు పెట్టి తిప్పి, లోపలికి తెచ్చి కరగనిస్తాను. ఇరవై సెంటీమీటర్ల మంచు కరిగితే సాధారణంగా రెండు సెంటీమీటర్ల నీరు వస్తుంది. ఈకలాంటి పొడి మంచైతే ఒక్క సెంటీమీటరే. తడి మంచైతే నాలుగు. కప్పు మీద అర మీటరు పొడి మంచు చదరపు మీటరుకి 25 కిలోలు బరువేస్తే, అంతే లోతు తడి మంచు 100 కిలోలు వేస్తుంది. కొమ్మలు విరిగిన ఏడు ఏదో, పైకప్పు మూలిగిన రాత్రి ఏదో గుర్తున్నవాళ్లకి తెలియకుండానే ఈ లెక్క గుర్తున్నట్టు.

పోయిన చలికాలపు పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: రాత్రి 9 గంటలు, 18 సెంటీమీటర్లు, నీరు 3.2. గాలి వాయవ్యం నుంచి. గుమ్మం దగ్గర మేట, నా నడుం దాకా. పక్కన బ్రాకెట్‌లో నా ఎత్తు కూడా రాసుకున్నాను.