గోరుచిక్కుడు గింజలోంచి వచ్చిన పొడి

ప్రియమైన పిల్లలకు,

ఈమధ్య చాలా ఇళ్లలో మందుల అరలో ఫైబర్ (అంటే పీచు) పొడి డబ్బా ఒకటి కనిపిస్తోంది. నాన్నమ్మకు మలబద్ధకమనో, అమ్మకు కడుపుబ్బరమనో డాక్టరు రాసిచ్చి ఉంటారు. దాని మీద 'పార్షియల్లీ హైడ్రోలైజ్డ్ గ్వార్ గమ్' అని ఉందేమో చూడండి. ఉంటే, అది మీకు బాగా తెలిసిన కాయలోంచి వచ్చిందే. గోరుచిక్కుడు! తెలంగాణలో గోకరకాయ అంటాం. మనం లేతకాయలు తెంపి కూర వండుకుంటాం. రాజస్థాన్ రైతులు అదే కాయను ముదిరి ఎండేదాకా చేలోనే ఉంచి గింజ తీస్తారు. ప్రపంచంలో పండే ఈ గింజల్లో దాదాపు 80 శాతం మన దేశానివే. వాటిలోనూ ఎక్కువ భాగం వానలు తక్కువ పడే ఆ ఇసుక నేలల పంటే.

గింజకు పైపొట్టు, లోపలి మొలక తీసేస్తే తెల్లటి బద్ద మిగులుతుంది. దాన్ని పొడి చేస్తే గ్వార్ గమ్. ఐస్‌క్రీమ్‌లో మంచుపలుకులు కట్టకుండా వేసేది ఇదే. ఈ పొడి చెంచాడు గ్లాసు నీళ్లలో వేసి తిప్పితే పైన తడిసి లోపల పొడిగానే ఉన్న ఉండలు కడుతుంది. కాసేపటికి నీళ్లన్నీ జిగురుగా మారి చెంచాకు పట్టుకుని సాగుతాయి. ఒకప్పుడు అమెరికాలో దీన్ని బరువు తగ్గే మాత్రలుగా అమ్మారు. అవి గొంతులోనే ఉబ్బి కొందరికి అన్నవాహిక మూసుకుపోయింది. దాంతో 1990ల తొలినాళ్లలో అక్కడి ప్రభుత్వం వాటిని నిషేధించింది.

మీ ఇంటి డబ్బాలో ఉన్నది ఆ జిగురు పొడి కాదు. గ్వార్ గమ్ అంటే చక్కెర అణువులు వరసగా గుచ్చిన పొడవాటి గొలుసు. పెద్ద అణువులను ముక్కలు చేసే ఎంజైమ్ అనే పదార్థంతో ఆ గొలుసును, పూసల దండను తెంపినట్టు, చిన్న చిన్న ముక్కలు చేస్తారు. డబ్బా మీది 'పార్షియల్లీ హైడ్రోలైజ్డ్' అనే మాటకు అర్థం ఇదే. అప్పుడది నీళ్లలో ఇట్టే కరిగిపోతుంది. చిక్కబడదు, రుచీ ఉండదు. మజ్జిగలో కలిపిస్తే మీరు కనిపెట్టలేరు.

మరి కడుపులోకి వెళ్లి ఏం చేస్తుంది? దీన్ని అరిగించే ఎంజైములు మన ఒంట్లో లేవు. అందుకే చిన్నపేగు దాటి నేరుగా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ కాపురముండే బాక్టీరియాకు ఇది భోజనం. వాటిలో బైఫిడోబాక్టీరియా లాంటి మేలు చేసేవి దీన్ని తిని పెరుగుతాయి. ఆ క్రమంలో బ్యుటిరేట్ అనే ఆమ్లం కూడా తయారవుతుంది. పెద్దపేగు లోపలి పొరలో ఉండే కణాలకు ముఖ్యమైన ఇంధనం అదే. పెరుగు కడుపులోకి బాక్టీరియాను తెస్తుంది, ఈ పొడి అక్కడున్న బాక్టీరియాకు తిండి పెడుతుంది. ఇలాంటి తిండికి 1995లో శాస్త్రవేత్తలు ప్రీబయోటిక్ అని పేరు పెట్టారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది, ఇది మలబద్ధకానికీ విరేచనాలకూ రెండింటికీ సాయపడటం. బాక్టీరియా పెరిగి, మలంలో తేమ నిలిస్తే మలం మెత్తబడి సులువుగా వస్తుంది. విరేచనాలప్పుడేమో, బాక్టీరియా తయారుచేసిన ఆమ్లాల వల్ల పెద్దపేగు ఉప్పునూ నీటినీ ఎక్కువగా పీల్చుకుంటుంది. బంగ్లాదేశ్‌లో విరేచనాలతో ఉన్న పసిపిల్లలకు ఓఆర్ఎస్‌లో దీన్ని కలిపి ఇస్తే త్వరగా తగ్గాయని 2000లో వైద్యులు రాశారు. అది ఆసుపత్రిలో, కొలత ప్రకారం చేసిన పని. ఇంట్లో తమ్ముడికో చెల్లికో విరేచనాలైతే ప్యాకెట్ మీద రాసినట్టు ఓఆర్ఎస్ మాత్రమే కలపండి. ఈ పొడి వేయకండి.

పెద్దవాళ్లకు సాధారణంగా రోజుకు 5, 6 గ్రాములు సరిపోతుంది. మొదటిరోజే చెంచా నిండా వేసుకుంటే గ్యాస్ పట్టి, పొడి మంచిది కాదని డబ్బా పక్కన పెట్టేస్తారు. కొద్దికొద్దిగా పెంచుకోమని నాన్నమ్మకు చెప్పండి. కాఫీపొడిలో కలిపే షికోరీ వేరు నుంచి తీసే ఇన్యులిన్ అనే పీచు కూడా ప్రీబయోటిక్కే కానీ, అది త్వరగా పులిసి ఇంకా ఎక్కువ గ్యాస్ చేస్తుంది. మలబద్ధకానికి వాడే గింజల పొట్టు ఇసబ్‌గోల్ తీరు వేరు. అది నీరు పీల్చుకుని ఉబ్బి పనిచేస్తుంది, బాక్టీరియా దాన్ని పెద్దగా తినదు. అందుకే ఇసబ్‌గోల్‌తో గ్లాసు నిండా నీళ్లు తప్పనిసరి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఏ ఫైబర్ పొడి మొదలుపెట్టినా డాక్టరుకు చెప్పాలి. మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గిపోతున్నా పొడితో రోజులు నెట్టకూడదు.

ఇక మీ సంగతి. డాక్టరు చెప్పకుండా మీరు ఈ డబ్బా ముట్టుకోవద్దు. పదేళ్లు దాటినవారికి రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, అదీ తిండిలోంచే. 6 నుంచి 9 ఏళ్లవారికైతే 21 గ్రాములు. కందిపప్పు, జొన్నరొట్టె, గింజలతో సహా జామపండు, ఉడికించిన శనగలు, ఇవన్నీ రోజూ కాస్త కాస్త తింటే ఆ లెక్క కష్టం కాదు. గోరుచిక్కుడు కూర చేదని పళ్లెం అంచుకు తోసేయకండి.

ఇంకో మాట మీకు గట్టిగా చెప్పాలి. బడిలో బాత్రూమ్ బాగుండదని చాలామంది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా, దొడ్డికి వెళ్లకుండా బిగబట్టుకుంటారు. బిగబట్టినకొద్దీ పెద్దపేగు మలంలోని నీటిని లాగేస్తూనే ఉంటుంది. అది గట్టిపడి, వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి మర్నాడు మళ్లీ ఆపుకుంటారు. దీనికి ఏ పొడీ మందు కాదు. పొద్దున ఇంట్లో ఓ పది నిమిషాలు ముందు లేచి తీరిగ్గా కూర్చోండి. బడికి నీళ్ల సీసా తీసుకెళ్లి ఖాళీ చేసి తీసుకురండి. బాత్రూమ్ శుభ్రంగా లేకపోతే టీచరుకు చెప్పండి. చెప్పడానికి సిగ్గయితే, ఇంట్లో చెప్పి అమ్మచేతో నాన్నచేతో అడిగించండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ