స్మాష్ బలం ఒక్క చేతిది కాదు: ఆటలో ఒళ్లు కదిలే తీరుపై అపోహలు - వాస్తవాలు

నేను స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్టుని. హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బ్యాడ్మింటన్ ఆడే పిల్లలు, పొద్దున్నే పరుగుకో వాకింగ్‌కో వెళ్లే పెద్దవాళ్లు. అందరూ నొప్పి ఉన్న చోటు వేలు పెట్టి చూపిస్తారు. నేను మాత్రం ముందు దానికి పైకీళ్లు, కిందికీళ్లు ఎలా కదులుతున్నాయో చూస్తాను. ఒక కీలు తన పని సరిగా చేయకపోతే ఆ భారం పక్క కీలు మోయాల్సి వస్తుంది. నేను రోజూ వినే అపోహలు చాలావరకు ఈ సంగతి మరిచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: స్మాష్ (షటిల్‌ను తల పైనుంచి కిందికి బలంగా కొట్టే షాట్) గట్టిగా పడాలంటే మణికట్టు బలం పెంచాలి.

మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. అంతకుముందు రికార్డు 493. అంత వేగం ఒక్క చేతి కండతో వచ్చేది కాదు. రేవులో బండ మీద బట్ట ఉతికేవాళ్లను చూడండి. పాదాలు తన్నిపెట్టి, నడుము తిప్పి, భుజం విసిరితే, బట్ట కొస అన్నిటికన్నా ఆఖరున, అన్నిటికన్నా వేగంగా బండను తాకుతుంది. స్మాష్‌లోనూ వరస అదే. గాల్లోకి ఎగిరి కొట్టేటప్పుడు నేల ఆసరా ఉండదు కాబట్టి కాళ్లు ముందువెనకలు మారి, పైభాగం తిరగడానికి ఎదురు తిరుగుడు ఇస్తాయి.

ఇక ఆఖరి క్షణంలో రాకెట్‌కి ఎక్కువ వేగం ఇచ్చేది భుజం లోపలికి తిరగడం, దాంతోపాటు ముంజేయి మెలి తిరగడం. మణికట్టు ముందుకి మడవడం వల్ల వచ్చేది కొంచెమే. అయినా "మణికట్టు విసురు" అని పదేపదే చెప్పడంతో పిల్లలు డంబెల్ పట్టుకుని మణికట్టు వ్యాయామాలు మొదలుపెడతారు. తుంటి తిరగని పిల్లవాడు ఆ లోటంతా భుజంతో పూడ్చుకుంటాడు. కొన్ని నెలలకు భుజం నొప్పితో వస్తాడు. అప్పుడు నేను భుజంతో పాటు తుంటికి కూడా వ్యాయామాలు ఇస్తే తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు.

అపోహ: స్క్వాట్ (మోకాళ్లు మడిచి కిందికి దిగి లేవడం) చేసేటప్పుడు మోకాలు కాలివేళ్లు దాటకూడదు.

జిమ్‌లో ఇది శాసనంలా చెలామణీ అవుతోంది. 2003లో వెలువడిన ఒక అధ్యయనంలో బరువులెత్తే మగవాళ్ల మోకాళ్లు ముందుకి రాకుండా ఎదురుగా పలక అడ్డం పెట్టి కొలిచారు. మోకాలి మీద మెలితిప్పే బలం 150 నుంచి 117 న్యూటన్-మీటర్లకు తగ్గింది. తుంటి దగ్గర మాత్రం 28 నుంచి 303కి పెరిగింది! మోకాలు ఆగిపోతే ఒళ్లు ముందుకి వంగక తప్పదు, ఆ భారం తుంటికీ నడుముకీ చేరుతుంది. వెనకటి వ్యాయామశాలల్లో బస్కీలు తీసినవాళ్ల మోకాళ్లు వేళ్లు దాటేవి. మెట్లు దిగేటప్పుడు మీవీ దాటుతాయి. చిప్ప దగ్గర ఇప్పటికే నొప్పి ఉంటే కొన్ని వారాలు లోతూ బరువూ తగ్గించుకోవాలి, అంతే.

అపోహ: పరుగెత్తితే మోకాలి గుజ్జు అరిగిపోతుంది.

గుజ్జు అని మనం పిలిచే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. బరువు పడి, తీసేసినప్పుడు కీలులోని ద్రవం దానిలోకి వచ్చిపోతూ పోషణ ఇస్తుంది. అంటే దానికి కదలికే తిండి. పలు అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో తుంటి, మోకాళ్ల ఆర్థరైటిస్ సరదాగా పరుగెత్తేవాళ్లలో 3.5 శాతం, అసలు పరుగెత్తనివాళ్లలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరుగెత్తేవాళ్లలో 13.3 శాతం కనిపించింది. మోకాళ్లు బాగున్నవాళ్లే పరుగు కొనసాగిస్తారన్నదీ నిజమే, కాబట్టి పరుగును మందు అనలేను. కానీ పరుగంటే భయపడి కూర్చోవడానికి ఆధారం లేదు. నేను చూసే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దూరాన్ని ఒక్కసారిగా పెంచేయడం వల్ల వచ్చేవి.

అపోహ: లిగమెంట్ (కీలు దగ్గర ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగేది ఎవరైనా గుద్దితేనే.

బ్యాడ్మింటన్‌లో ఇద్దరి మధ్యా నెట్ ఉంటుంది. అయినా 2019 జనవరిలో జకార్తాలో సైనాతో ఫైనల్ ఆడుతూ స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ కుడి మోకాలి లోపలి లిగమెంట్ ఏసీఎల్‌ను తెంచుకుంది. ఆమె ఎడమచేతి వాటం. రాకెట్ పట్టని వైపు కాలికి ఈ గాయం ఈ ఆటలో తరచూ చూస్తాం, ముఖ్యంగా బ్యాక్‌హ్యాండ్ మూలకు వెనక్కి వెళ్లి తలపై నుంచి కొట్టి ఒంటికాలి మీద దిగేటప్పుడు. మోకాలు దాదాపు నిటారుగా ఉండి లోపలికి వాలితే ప్రమాదం. అందుకే పిల్లలకు ఎగరడం కన్నా ముందు దిగడం నేర్పించమని కోచ్‌లను బతిమాలుతుంటాను.

అపోహ: మర్నాటి నొప్పులకు కారణం శ్రమలో కండరాల్లో తయారయ్యే లాక్టిక్ ఆసిడ్.

వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి మాత్రం ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. అలిపిరి మెట్లెక్కినప్పుడు ఆయాసం ఎక్కువ. దిగినవాళ్లకే మర్నాడు తొడలు పట్టేస్తాయి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి, ఆ పని అలవాటు లేని కండరానికి సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది. కొన్నిసార్లు చేశాక అదే కండరం అలవాటు పడి అంతగా నొయ్యదు.

అపోహ: ఆటకు ముందు ఒళ్లు బాగా సాగదీస్తే గాయాలు కావు.

అంతమాత్రాన గాయాలు ఆగిపోవు. పైగా ఒక్కో కండరాన్ని నిమిషానికి మించి పట్టి సాగదీస్తే ఆ కాసేపు బలం కొద్దిగా తగ్గుతుంది. మెల్లగా పరుగు, లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచడం), చిన్న గెంతులు, నెమ్మదిగా కొన్ని షాట్లు: ఇవి చాలు. పట్టి సాగదీయడం ఆట అయ్యాక తీరిగ్గా చేసుకోండి.