కులం సర్టిఫికెట్ చుట్టూ అపోహలు: మా బల్ల ఇవతలి నుంచి

ఇరవై రెండేళ్లుగా ఆంధ్రలో తహసీల్దార్ ఆఫీసుల్లో పనిచేస్తున్నా. జూన్, జూలై వస్తే చాలు, అడ్మిషన్ల టెన్షన్‌తో వచ్చేవాళ్లతో మా వరండాలో నిలబడటానికి చోటుండదు. కులం గురించి ఏదో ఒక తప్పు లెక్క మనసులో పెట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది, అందులోనూ బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువ, అదేం చిత్రమో. రోజూ వినేవి కొన్ని రాస్తున్నా.

అపోహ: పెళ్లయితే అమ్మాయికి భర్త కులం వస్తుంది.

రాదు. ఇంటిపేరు మారుతుందేమో గానీ కులం పుట్టుకతో వచ్చిందే ఉంటుంది. ఉత్తరప్రదేశ్‌లో ఓసీ కుటుంబంలో పుట్టి ఎస్సీని పెళ్లి చేసుకున్న ఒకావిడ ఎస్సీ సర్టిఫికెట్‌తో టీచర్ ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లకు పైగా చేశాక గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ సర్టిఫికెట్ చెల్లదని 2018లో కోర్టు తేల్చింది. ఇన్నేళ్ల సర్వీసు చూసి డిస్మిస్ చేయకుండా రిటైర్మెంట్‌గా మార్చారు గానీ, అందరికీ ఆ దయ దొరకదు.

అపోహ: పిల్లలకు ఎప్పుడూ తండ్రి కులమే.

ఇది మా సీట్లలో కూర్చున్నవాళ్లకే ఉన్న అపోహ, ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం ఒకమ్మాయి, వాళ్లమ్మ వచ్చారు. తల్లి ఎస్సీ, తండ్రి ఓసీ, పాపకు రెండేళ్లప్పుడే వదిలేసి వెళ్లాడు. "నాన్న ఓసీ కదమ్మా, ఇంకేం సర్టిఫికెట్" అని మావాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి వచ్చినప్పుడు నేను కూర్చోబెట్టి అడిగా. పిల్ల పుట్టినప్పటి నుంచి ఎస్సీ కాలనీలో అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఒకసారి నాయనమ్మ ఇంటికి తీసుకెళ్తే లోపలికి రానివ్వలేదట, అరుగు మీదే కూర్చోబెట్టి, మంచినీళ్లు విడిగా ఒక స్టీలు గ్లాసులో ఇచ్చి, తాగాక ఆ పిల్లతోనే కడిగించి అరుగు చివర బోర్లించారట. ఆ గ్లాసు సంగతి చెప్పేటప్పుడు తల్లి ఏడవలేదు, కూతురే తల వంచుకుంది.

2012లో సుప్రీంకోర్టు చెప్పింది సరిగ్గా ఇలాంటి పిల్లల గురించే. తండ్రి కులమే అనేది మొదటి ఊహ మాత్రమే, తల్లి కులంలో పెరిగి, ఆ వివక్షే తనూ అనుభవించినట్టు రుజువైతే ఆ ఊహ నిలబడదు. మా ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) కాలనీకి వెళ్లి, పక్కింటి ముసలమ్మను "ఈ పిల్ల ఎవరమ్మా" అని అడిగితే "ఎవరేంది, మా పిల్లే" అందట. పంచనామాలో ఆ మాట అలాగే రాయించా. సర్టిఫికెట్ వచ్చింది, కౌన్సెలింగ్‌కు నాలుగు రోజుల ముందు.

అపోహ: ఒక కులం దేశమంతా ఒకే కేటగిరీ.

చాకలివాళ్లు మన దగ్గర బీసీ-ఏ, యూపీలో ధోబీలు ఎస్సీ. సుగాలీలు, అదే లంబాడీలు, ఇక్కడ ఎస్టీ, పక్కనున్న కర్ణాటకలో ఎస్సీ. అనంతపురం తండాలకు, బళ్లారి తండాలకు పిల్లనిచ్చి పుచ్చుకునే బంధుత్వాలు ఉంటాయి, భాష ఒకటే, దేవుళ్లూ ఒకరే, కాగితం మీద మాత్రం అక్క ఒక జాబితా, చెల్లెలి కూతురు ఇంకో జాబితా. ఒక రాష్ట్రం నుంచి వలస వెళ్తే ఆ హోదా కొత్త రాష్ట్రంలో దానంతటదే రాదని 1990లోనే రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

అపోహ: చర్చికి వెళ్తే కులం పోతుంది.

క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది. ఎవరు ఎస్సీలో చెప్పే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్‌లో పెట్టారు. ఎస్టీలకు మాత్రం ఈ మతం షరతు లేదు. ఇక ఊళ్లో ఆ ఇంటిని పిలిచే పేరు ఏమీ మారదు, పెళ్లి సంబంధాలు ఎక్కడ వెతుకుతున్నారో చూస్తే తెలిసిపోతుంది.

అపోహ: నాన్న జీతం 8 లక్షలు దాటింది, ఓబీసీ పోయినట్టే.

ఈ ఒక్కదానికి నా గొంతు పోయింది. ఓబీసీల్లో బాగా స్థిరపడ్డవాళ్లను రిజర్వేషన్ నుంచి పక్కనపెట్టే కేంద్ర క్రీమీలేయర్ ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు, ప్రభుత్వోద్యోగులకైతే పోస్టు స్థాయి చూస్తారు. ఓసీల్లో పేదలకిచ్చే ఈడబ్ల్యూఎస్ కోటాకు మాత్రం అన్నీ కలుపుతారు. రెండింటికీ అంకె 8 లక్షలే కావడంతో వచ్చిన తంటా ఇది.

అపోహ: సిటీలో కులం ఎవరడుగుతారు?

ఆ మాటతో అడగరు, అంతే. పోయినేడాది మా అబ్బాయికి అద్దెకు ఫ్లాట్ చూద్దామని హైదరాబాద్ వెళ్లా. ఓనరు చాలా మర్యాదస్తుడు, కాఫీ ఇచ్చాడు. ముందు ఇంటిపేరు అడిగాడు. తర్వాత ఏ ఊరన్నాడు. ఊళ్లో ఏ వీధన్నాడు. వెజ్జా నాన్‌వెజ్జా అన్నాడు. విచారణకు వెళ్లినప్పుడు మా వీఆర్వోలు అడిగే వరస దాదాపు ఇదే, చివరి ప్రశ్న ఒక్కటే తేడా. నేనూ అదే వరసలో జవాబులు చెప్పుకుంటూ పోయా.