సీసం రేకు పొడుగైతే ఎందుకు చీలుతుంది

యూకేలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి తెలిసిన తలనొప్పే ఇది, చిమ్నీ గోడ పక్కన సీలింగ్ మీద గోధుమ రంగు మచ్చ. పెంకు పగిలిందేమో అనుకుంటాం గానీ పైకెక్కి చూస్తే పెంకులన్నీ బానే ఉంటాయి, పెంకులూ ఇటుక గోడా కలిసేచోట సందు మూయడానికి వేసిన సీసం రేకు చీలి ఉంటుంది. దాన్నే ఫ్లాషింగ్ అంటారు. పై అంచు ఇటుకల మధ్య మోర్టార్ సందులోకి ఓ 25 మిల్లీమీటర్లు దూరి ఉంటుంది, కింది భాగం పెంకుల మీదకి వాలి ఉంటుంది, గోడ మీంచి జారిన నీళ్లు ఇంట్లోకి కాకుండా పెంకుల మీదకి పోతాయి.

సీసం 327 డిగ్రీలకే కరిగిపోతుంది. అంటే కెల్విన్ లెక్కలో (మైనస్ 273 డిగ్రీలని సున్నా అనుకుని లెక్కపెడితే) మామూలు గది వేడికే అది కరిగే స్థాయికి సగం దూరం వచ్చేసినట్టు, ఉక్కు ఆ స్థితికి రావాలంటే దాన్ని 600 డిగ్రీల దాకా కాల్చాలి! అందుకే చెక్క సుత్తితో మెల్లగా కొడుతూ పెంకు ఒంపుకి ఎలా కావాలంటే అలా వంచొచ్చు, రాగిలాగా కొట్టేకొద్దీ గట్టిపడదు.

ఇబ్బంది కూడా ఆ మెత్తదనంతోనే. వేడికి సీసం ఉక్కు కంటే రెట్టింపు పైనే సాగుతుంది, ఎండకీ రాత్రి చలికీ 50 డిగ్రీల తేడా వస్తే 3 మీటర్ల ముక్క 4 మిల్లీమీటర్లకి పైగా పెరిగి తగ్గుతుంది, కదలడానికి చోటు లేకుండా బిగించేస్తే పెరిగినప్పుడు ఉబ్బి మడత పడుతుంది, చల్లబడినప్పుడు ఆ మడత పూర్తిగా సర్దుకోదు, ఏళ్ల తరబడి అదే చోట వంగి వంగి చివరికి అడ్డంగా చీలుతుంది. అందుకే అక్కడి పద్ధతి ప్రకారం ఒక్కో ముక్క 1.5 మీటర్లు దాటకూడదు, పక్క ముక్కతో 100 మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఉండాలి.

కాబట్టి రిపేర్ అంటే ముందు టేపు పెట్టి ముక్క పొడుగు కొలవాలి, ఇది నేను గట్టిగా చెప్తా. చీలిన పొడుగు ముక్క తీసి మళ్లీ అంతే పొడుగు కొత్తది వేస్తే డబ్బు దండగ. చీలిక మీద అంటించే ఫ్లాషింగ్ టేపు ఆ చలికాలం గడవడానికి ఓకే, అంతకుమించి నమ్మకండి. రేకు బాగుండి సందులోంచి ఊడొస్తే మాత్రం పని చిన్నదే, పాత మోర్టార్ గీకేసి రేకు లోపలికి తోసి 450 మిల్లీమీటర్లకొకటి చొప్పున సీసం ముక్కలు మేకుల్లా దిగ్గొట్టి సందు పూడిస్తే చాలు. కొత్త రేకు వేస్తే అదే రోజు పాటినేషన్ ఆయిల్ (కొత్త సీసం మీద పూతగా వేసే నూనె) పూయించండి, లేకపోతే మొదటి వానకే సీసం కార్బొనేట్ తెల్లటి చారలుగా పెంకుల మీదకి కారుతుంది.

పైకప్పు మీద మంట పెట్టి అతికిస్తామంటే వద్దనండి. 1989లో ససెక్స్‌లోని అప్‌పార్క్ అనే పాత భవనం సీసం పని చేసేవాళ్ల బ్లోటార్చ్ మంట అంటుకునే తగలబడింది, బాగుచేసి మళ్లీ తెరిచేసరికి 1995 వచ్చింది.

సీసం విషం, గ్లౌజులు వేసుకోవాలి, తినేముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, ఆ కప్పు మీంచి వచ్చే నీళ్లు తాగడానికి పట్టుకోకూడదు. తీసిన పాత రేకు పారేయొద్దు, స్క్రాప్ వాళ్లు కొంటారు, కరిగించి మళ్లీ రేకులు చేస్తారు.