టాంటో నోట సగం మాటలే ఎందుకు?

2013లో డిస్నీ సంస్థ 'ది లోన్ రేంజర్' అనే ముసుగు వీరుడి కౌబాయ్ కథను మళ్లీ సినిమాగా తీసి, అందులో హీరోకి తోడుండే టాంటో అనే ఆదివాసీ పాత్రను తెల్ల నటుడు జానీ డెప్‌కి ఇచ్చింది. మొహమంతా తెల్ల రంగు, నెత్తి మీద చచ్చిన కాకి. అమెరికా మూలవాసుల్లో చాలామంది దీనికి నొచ్చుకున్నారు. వెనకేసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. కొమాంచీ జాతి కుటుంబం ఒకటి డెప్‌ను దత్తత కూడా తీసుకుంది. ఆ వాదనల్లో తరచూ వినబడిన పేరు జే సిల్వర్‌హీల్స్. టీవీలో 1949లోనే టాంటోగా నిజమైన మోహాక్ జాతి మనిషి కనబడ్డాడు కదా, అరవై ఏళ్లు గడిచాక మళ్లీ రంగు పూసుకునే రోజులకే వెళ్లామా అని అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే సిల్వర్‌హీల్స్ జీవితాన్ని దగ్గరగా చూస్తే ఆ 1949 కూడా అంత ముచ్చటైన కాలమేమీ కాదు. ఆయనకు వేషం దక్కింది. మాటలు మాత్రం దక్కలేదు.

ముందు ఒక మాట. మనం బడిలో 'రెడ్ ఇండియన్లు' అని చదువుకున్నాం, పాత అనువాద కథల్లోనూ ఆ పేరే ఉంటుంది. కొలంబస్ పొరపాటుకి ఒంటిరంగు తగిలించి కట్టిన పేరది. వాళ్లనే అడిగితే తమ జాతి పేరు చెబుతారు: మోహాక్, అపాచీ, నవాహో, షయెన్. ఒక్కొక్కరిదీ ఒక్కో భాష. హాలీవుడ్ ఏళ్ల తరబడి పట్టించుకోని సంగతి కూడా ఇదే.

సిల్వర్‌హీల్స్ పుట్టింది అమెరికాలో కాదు, కెనడాలో. ఒంటారియో రాష్ట్రంలో బ్రాంట్‌ఫర్డ్ ఊరి పక్కన గ్రాండ్ నది ఒడ్డున 'సిక్స్ నేషన్స్' అనే రిజర్వు, అంటే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం, ఉంది. మోహాక్, ఒనైడా, ఒనన్‌డాగా, కయుగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల సమాఖ్య అది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వీళ్లలో చాలామంది బ్రిటిష్ పక్షాన పోరాడి, సొంత నేల పోగొట్టుకున్నారు. అందుకు బదులుగా 1784లో గ్రాండ్ నదికి ఇరువైపులా భూమి ఇచ్చారు. ఇచ్చినదాంట్లో ఈరోజు వాళ్ల చేతిలో మిగిలింది చిన్న ముక్క. అక్కడ 1912 మే 26న హెరాల్డ్ స్మిత్ అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో కెనడా సైన్యంలో పనిచేసి పతకాలు తెచ్చుకున్న మనిషి.

కుర్రవాడికి పేరు తెచ్చింది లక్రాస్ ఆట. కొసన వల అల్లిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట అది. ఈ జాతులకు అది వట్టి ఆట కాదు, పూజలాంటిది. తెల్లవాళ్లు వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు. హెరాల్డ్ పరుగు చూసి ఇంటివాళ్లు పెట్టిన ముద్దుపేరు 'సిల్వర్‌హీల్స్', అంటే వెండి మడమలవాడు. 1930లలో టొరంటో, బఫలో, రాచెస్టర్ జట్లకు డబ్బు తీసుకుని ఆడాడు. బాక్సింగ్‌లోనూ చెయ్యి తిరిగినవాడే. 1937లో జట్టుతోపాటు లాస్ ఏంజెలెస్ వెళ్లినప్పుడు జో ఇ. బ్రౌన్ అనే హాస్యనటుడు ఆయన ఆట చూసి, సినిమాల్లో ప్రయత్నించమన్నాడు. ఆయన ప్రయత్నించాడు. దొరికినవి గుంపులో నిలబడే వేషాలు, గుర్రం మీంచి దూకే పనులు. పదేళ్లపాటు అదే బతుకు.

ఆయన అడుగుపెట్టేనాటికి ఆ పరిశ్రమకు ఆదివాసులు కొత్తవాళ్లేం కాదు. సినిమా పుట్టినప్పటి నుంచీ వాళ్లు దాంట్లోనే ఉన్నారు. 1890 డిసెంబర్ 29న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటా ప్రజలను, ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా, కాల్చి చంపింది. 'ఘోస్ట్ డాన్స్' అనే ప్రార్థన నృత్యాన్ని చూసి ప్రభుత్వం తిరుగుబాటని భయపడటమే దానికి దారితీసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1894లో, న్యూజెర్సీలో ఎడిసన్ కంపెనీ స్టూడియోలో బఫలో బిల్ అనే ఆయన కౌబాయ్ ప్రదర్శన బృందంలోని సూ జాతివాళ్లను (లకోటాలు కూడా సూలే) నిలబెట్టి 'ఘోస్ట్ డాన్స్' అనే పేరుతోనే కొన్ని సెకన్ల బొమ్మ తీశారు. ఏ నృత్యం పేరు చెప్పి చంపారో అదే పేరుతో టిక్కెట్టు అమ్మారు. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

మూకీల కాలంలో పరిస్థితి కొంత నయం. 1914లో దర్శకుడు సెసిల్ బి. డిమిల్ హాలీవుడ్‌లో తీసిన తొలి పూర్తి నిడివి చిత్రంలో ఆదివాసీ నాయిక వేషం వేసింది రెడ్ వింగ్ అనే పేరుతో నటించిన లిలియన్ సెంట్ సిర్, హో-చంక్ జాతి స్త్రీ. టాకీలొచ్చి, స్టార్ల వ్యవస్థ గట్టిపడ్డాక ఆ తలుపు మూసుకుపోయింది. పేరున్న వేషం పేరున్న నటుడికే వెళ్లాలి, పేరున్న నటులంతా తెల్లవాళ్లు. గోధుమ రంగు మేకప్, నల్ల విగ్గు తగిలిస్తే సరిపోయింది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన జిమ్ థోర్ప్ కూడా 1930లలో హాలీవుడ్‌లో చిల్లర వేషాలు వేసుకుంటూ బతికాడు. ఆదివాసీ వేషాలు ఆదివాసులకే ఇవ్వాలని అప్పట్లోనే పోరాడినవాడు ఆయన. ఈ గొడవ నిన్నా మొన్నా పుట్టింది కాదని చెప్పడానికి ఆయన పేరు ఒక్కటి చాలు.

గుంపుకి మాత్రం అసలు మనుషులే కావాలి. 1939 నుంచి దర్శకుడు జాన్ ఫోర్డ్ తన వెస్టర్న్‌లను, అంటే కౌబాయ్ సినిమాలను, అరిజోనా, యూటా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీలో తీశాడు. అది నవాహోల నేల. ఆ ఊళ్ల నవాహోలే ఒక సినిమాలో అపాచీలు, మరో సినిమాలో కొమాంచీలు, ఇంకో దాంట్లో షయెన్‌లు. వాళ్ల నాయకుడి వేషం మాత్రం బయటివాడికే. 1956లో వచ్చిన 'ది సెర్చర్స్'లో కొమాంచీ నాయకుడిగా కనబడేది జర్మనీలో పుట్టిన హెన్రీ బ్రాండన్, నీలి కళ్లతో సహా. 1964 నాటి 'షయెన్ ఆటమ్'లో షయెన్‌లుగా నిలబడ్డ నవాహోలు తెర మీద తమ నవాహో భాషలోనే, స్క్రిప్టులో లేని మాటలన్నీ మాట్లాడారు. ఎదుట కూర్చున్న దర్శకుడికీ తెలియలేదు, దేశానికీ తెలియలేదు. నవాహో ఊళ్లలో ఆ సన్నివేశాలకు జనం పడీపడీ నవ్వేవారు.

ఇక టాంటో. ఈ పాత్ర పుట్టింది టీవీలో కాదు, రేడియోలో. 1933 జనవరి చివర్లో డెట్రాయిట్‌లోని డబ్ల్యూఎక్స్‌వైజెడ్ స్టేషన్ నుంచి లోన్ రేంజర్ నాటకం మొదలైంది. కథానాయకుడు ఒంటరివాడు. రేడియోలో ఒంటరివాడు ఏం చేస్తున్నాడో వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది? ఎవరితోనైనా మాట్లాడాలి. అందుకని కొన్ని భాగాలు నడిచాక పక్కన ఒక తోడుని పెట్టారు. ఇదొక్కటి గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది: హీరో మాట్లాడటానికి ఒక చెవి కావాలని టాంటోని పుట్టించారు. చెవికి నోటితో పెద్ద పనేముంటుంది?

ఆ నోటికి గొంతు ఇచ్చింది జాన్ టాడ్ అనే తెల్ల రంగస్థల నటుడు. క్రియలకు కాలం లేదు, 'నేను' అనాల్సిన చోట 'నన్ను', రెండు మూడు ముక్కలతో వాక్యం సరి. ఏ ఆదివాసీ జాతి ఇంగ్లీషూ అలా ఉండదు. అది రచయితల బల్ల మీద తయారైన యాస. మన పాత సినిమాల్లో కోయదొర వేషానికని పుట్టించిన వింత తెలుగు గుర్తు తెచ్చుకోండి, ఏ కోయగూడెంలోనూ ఎవరూ మాట్లాడనిది. అలాంటిదే. పేరు సంగతి ఇంకా దారుణం. స్పానిష్‌లో 'టాంటో' అంటే మొద్దు. స్పానిష్ డబ్బింగులో సిగ్గుపడి పేరును 'టోరో' అని, అంటే ఆంబోతు అని, మార్చుకున్నారు.

1949 సెప్టెంబర్ 15న ఏబీసీ అనే అమెరికా ఛానల్లో టీవీ ధారావాహిక మొదలైనప్పుడు సిల్వర్‌హీల్స్ చేతికి వచ్చింది ఈ పాత్రే, ఈ యాసతోనే. 1957 దాకా 221 భాగాలు నడిచింది. ఇంగ్లీషు సొంత భాషలా మాట్లాడుతూ పెరిగిన మనిషి, ఎనిమిదేళ్లపాటు వారం వారం కోట్ల ఇళ్లలోకి వెళ్లి, తనకు ఇంగ్లీషు రాదన్నట్టు మాట్లాడాల్సి వచ్చింది.

ఈ ధారావాహికలో నన్ను ఎప్పుడూ ఆపేసే వివరం ఒకటుంది. కళ్లకు నల్ల ముసుగు కట్టుకునే లోన్ రేంజర్‌గా ముందు క్లేటన్ మూర్ వేశాడు. మధ్యలో నిర్మాతలు ఆయన్ని తప్పించి జాన్ హార్ట్‌తో 52 భాగాలు తీశారు, తర్వాత మళ్లీ మూర్‌ను పిలిచారు. టాంటో మాత్రం మొదటి నుంచి చివరి దాకా సిల్వర్‌హీల్సే. 1955లో ఆయనకు గుండెపోటు వచ్చి కొన్నాళ్లు సెట్‌కి రాలేకపోయాడు. అప్పుడు రేంజర్ అన్న కొడుకు పాత్రను ముందుకు తెచ్చి కథ నడిపారే గానీ టాంటో వేషంలో ఇంకొకరిని నిలబెట్టలేదు. ముసుగు వెనకున్నవాణ్ని మార్చగలిగారు, ముసుగు లేనివాణ్ని మార్చలేకపోయారు. ఆ కథకు ఆయన అంత అవసరం. అంత అవసరమైన మనిషికి నోటినిండా ఒక వాక్యం రాయడానికి మాత్రం చేతులు రాలేదు.

ఆయనకు అది చేతకాక కాదు. ఇందుకు రుజువు 1950లోనే ఉంది. ఆ ఏడు డెల్మర్ డేవ్స్ తీసిన 'బ్రోకెన్ ఆరో' విడుదలైంది. అపాచీలను మనుషులుగా చూపించిన తొలి పెద్ద సినిమాల్లో ఒకటని దానికి పేరు. మొదట్లోనే కథానాయకుడు జేమ్స్ స్టూవర్ట్ గొంతు చెబుతుంది, అపాచీలు మీకు అర్థమయ్యేలా మన భాషలో మాట్లాడతారని. అందుకే ఆ సినిమాలో అపాచీలందరూ చక్కటి ఇంగ్లీషు మాట్లాడతారు. జెరోనిమో అనే అపాచీ యోధుడిగా వేసిన సిల్వర్‌హీల్స్ కూడా. శాంతి ఒప్పందం వద్దని, నాయకుడిని ఎదిరించి గుంపులోంచి లేచి వెళ్లిపోయే ఆ ఘట్టంలో ఆయన కంఠం, నిలబడ్డ తీరు చూడాలి. చిన్న పాత్రే, తెరంతా నిండిపోతాడు. అదే ఏడాది టీవీ పెట్టెలో అదే మనిషి ముక్కలు ముక్కలుగా మాట్లాడుతున్నాడు.

ఆ మంచి సినిమాలో కూడా పంపకం చూడండి. శాంతి కోరే గొప్ప నాయకుడు కోచీస్ వేషం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన యూదు నటుడు జెఫ్ చాండ్లర్‌కి వెళ్లింది. ఆయనకు సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషనూ వచ్చింది. చాండ్లర్ బాగానే చేశాడు, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కథానాయకుడు ప్రేమించే అపాచీ అమ్మాయిగా డెబ్రా పాజెట్, ఆమె కూడా తెల్లమ్మాయే. తెల్లవాళ్లతో చెయ్యి కలిపే అపాచీలకు తెల్ల నటులు, చెయ్యి విదిలించుకునే అపాచీకి మాత్రం అసలైన ఆదివాసీ. కావాలని ఎవరూ ఇలా కూర్చకపోవచ్చు. చేతులు వాటంతటవే అటు వెళ్లాయి. సిల్వర్‌హీల్స్ 1952లో, 1956లో మరో రెండు సినిమాల్లో మళ్లీ జెరోనిమో వేశాడు. ఈ మధ్యలోనే, 1954లో, రాక్ హడ్సన్ కోచీస్ కొడుకయ్యాడు, బర్ట్ లాంకాస్టర్ అపాచీ యోధుడయ్యాడు. 1962లో నీలి కళ్ల చక్ కానర్స్ జెరోనిమో అయ్యాడు.

1957 తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పుకోదగ్గ వేషాలు తక్కువ. ఎక్కడికి వెళ్లినా టాంటోయే. టీవీ ధారావాహికల్లో ఒకటీ అరా భాగాలు, వాణిజ్య ప్రకటనలు. సంపాదన చాలక సేల్స్‌మన్‌గా కూడా పనిచేశాడు. జాన్ వేన్‌కి ఆస్కార్ తెచ్చిన 1969 నాటి 'ట్రూ గ్రిట్' మొదట్లో ముగ్గురిని ఉరితీస్తారు. ఆ ముగ్గురిలో ఒకరు సిల్వర్‌హీల్స్. తెర మీద పేరు వేయలేదు.

ఆయన వేసిన అసలు ముద్ర తెర బయట ఉంది. 1950లలో అమెరికా ప్రభుత్వం ఆ రిజర్వు ప్రాంతాలు ఖాళీ చేయించే ఉద్దేశంతో ఆదివాసులను నగరాలకు తరలించింది. అలా వేలమంది లాస్ ఏంజెలెస్ చేరారు. సినిమా ఊరి గుమ్మంలోనే ఉన్నారు, లోపలికి దారి లేదు. 'వేషాలు ఇద్దామంటే నటన వచ్చినవాళ్లు లేరు' అన్నది నిర్మాతల పాత సాకు. 1960లలో సిల్వర్‌హీల్స్ మరికొందరితో కలిసి ఎకో పార్క్ ప్రాంతంలో 'ఇండియన్ యాక్టర్స్ వర్క్‌షాప్' నడిపాడు. ఆదివాసీ కుర్రకారుకు నటన నేర్పే చోటు అది. ఎనిమిదేళ్లు సగం మాటలు పలికిన మనిషి, అక్కడ పిల్లలకు వాక్యం ఎలా పలకాలో నేర్పాడు.

తర్వాత మార్పు వచ్చింది, మెల్లగా. 1970 నాటి 'లిటిల్ బిగ్ మాన్'లో వేషానికి చీఫ్ డాన్ జార్జ్‌కి ఆస్కార్ నామినేషన్ దొరికింది. ఆయనా కెనడా ఆదివాసే. షెరోకీ నటుడు వెస్ స్టూడీకి 2019లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 2024లో ఆదివాసీ నటి లిలీ గ్లాడ్‌స్టన్ ఉత్తమ నటి నామినేషన్ అందుకుంది. ఈ చివరి రెండు మైలురాళ్లకు ముందు, పైన చెప్పిన 2013 కూడా ఉంది.

సిల్వర్‌హీల్స్ చివరి ఏళ్లలో పందెపు గుర్రాలను పెంచి, బండి పందేల్లో తానే తోలేవాడు. 1979లో హాలీవుడ్ వాక్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరుతో నక్షత్రం పెట్టారు. అప్పటికే పక్షవాతంతో బాధపడుతున్నాడు. 1980 మార్చి 5న, 67 ఏళ్ల వయసులో పోయాడు. చితాభస్మాన్ని గ్రాండ్ నది ఒడ్డున ఉన్న సిక్స్ నేషన్స్‌కి తీసుకెళ్లారు.

ఆయన కవిత్వం రాసేవాడన్న సంగతి టాంటో అభిమానుల్లో కూడా చాలామందికి తెలియదు. ఆ రిజర్వులో గడిచిన చిన్నతనమే వస్తువు.  కొన్ని కవితలను టెలివిజన్‌లో తానే చదివి వినిపించాడు, తన సొంత ఇంగ్లీషులో.