కండలు చూసి ట్రైనర్‌ని ఎంచుకోకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో పర్సనల్ ట్రైనర్‌గా నాకు ఇది పదకొండో ఏడు. సొంతూరు హిందూపురం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, పీజీల్లో ఉండే పిల్లలు, మనవల్ని చూసుకోవడానికి నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చి ఆరేడు నెలలు ఉండిపోయే అమ్మానాన్నలు. పీటీ (పర్సనల్ ట్రైనింగ్) ప్యాకేజీకి నెలనెలా వేలల్లో కడతారు. అంత డబ్బు కట్టే ముందు ట్రైనర్‌లో వీళ్లు ఏం చూస్తున్నారో గమనిస్తే నాకు దిగులేస్తుంది. అందుకే నేను రోజూ వినే మాటల్ని తీసుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: కండలు తిరిగిన ట్రైనరే మంచి ట్రైనర్

ట్రైనర్ తన ఒంటిని చూసుకోవాలి, అందులో సందేహం లేదు. కానీ ఆ కండలు మీకు చెప్పేది ఒక్కటే, ఆ మనిషి తన శరీరం మీద ఏళ్ల తరబడి కష్టపడ్డాడని. ఒంటి తీరులో, కండ పెరిగే వేగంలో పుట్టుకతో వచ్చేది చాలా ఉంటుంది. కొందరి విషయంలో స్టెరాయిడ్ల పాత్ర కూడా ఉంటుంది, అది ఫొటోలో కనబడదు. ఇరవై నాలుగేళ్లకు రోజూ రెండు గంటలు జిమ్‌లోనే గడిపిన కుర్రాడికి పనికొచ్చిన పద్ధతి, పది గంటలు కుర్చీలో కూర్చుని, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని రాత్రి తొమ్మిదికి వచ్చే నలభై రెండేళ్ల మనిషికి ఎలా సరిపోతుంది?

ట్రైనర్ పని ముందు అడగడం, తర్వాత చూడడం. బరువు ఎత్తించడం ఆ తర్వాతి సంగతి. ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను.

నేను ఈ పనిలోకి వచ్చిన నాలుగో ఏట ఒక అమ్మాయి ఒంగోలు నుంచి వచ్చిన వాళ్ల నాన్నగారిని నా దగ్గర చేర్పించింది. ఆయనకు 58 ఏళ్లు. షుగర్ ఉందని ఫారంలో రాశారు. ఏ మాత్ర వేసుకుంటున్నారు, ఎప్పుడు వేసుకుంటున్నారు అని నేను అడగలేదు. మూడో రోజు పొద్దున ఆరున్నరకు వచ్చారు. ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు త్వరగా కరుగుతుందని ఎవరో చెబితే టిఫిన్ మానేసి, మాత్ర మాత్రం వేసుకుని వచ్చారు. ఇరవై నిమిషాలకు ఒళ్లంతా చెమటలు. జిమ్‌లో చెమట ఎవరికి పట్టదు అనుకుని నేను ఇంకో సెట్ చెప్పాను. "అక్కా, నాన్న మాట తేడాగా ఉంది" అని కూతురు అన్నప్పుడు గానీ ఆయన చేతులు వణకడం నేను చూడలేదు. కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చాం. పావుగంటకు తేరుకున్నారు. "పర్లేదమ్మా, నీ తప్పేముంది" అన్నారు. తప్పు నాదే.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయిస్తాయి. పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజ్‌ను లాగేసుకుంటుంది. టిఫిన్ లేకుండా ఈ రెండూ కలిస్తే షుగర్ దిగిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లలో ఇలా జరగడం అరుదు. కాబట్టి "షుగర్ ఉందా?" అని అడిగితే సరిపోదు, మాత్ర పేరు అడగాలి. బీపీ మాత్రలదీ అంతే. అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్లకు గుండె వేగం పెద్దగా పెరగదు. చేతి వాచీలో అంకె చూసి "ఇంకా గట్టిగా చేయొచ్చు" అనుకుంటే మోసపోతాం. వాళ్లను మాట్లాడించాలి. ఆగకుండా ఒక వాక్యం చెప్పగలుగుతున్నారంటే మధ్యస్థంగా చేస్తున్నట్టు. రెండు మాటలకే ఊపిరి తీసుకుంటుంటే ఎక్కువైనట్టు.

2023లో వచ్చిన, భారత వైద్య పరిశోధన మండలి వారి ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని అంచనా వేసింది. అంటే ఏ ట్రైనర్ దగ్గరికైనా ఇలాంటివాళ్లు వస్తారు. మొదటి రోజు అరగంట కూర్చోబెట్టి మందులు, ఆపరేషన్లు, ప్రసవాలు, నిద్ర, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిందా అని అడగని ట్రైనర్‌కు డబ్బు కట్టకండి.

అపోహ: జిమ్‌కు వెళ్తే గుండెపోటు వస్తుంది

2021 అక్టోబర్ 29న పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే కన్నుమూసినప్పుడు ఈ ఊరు ఊరంతా ఏడ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లు జయదేవ ఆసుపత్రిలో గుండె పరీక్షలకు జనం బారులు తీరారు. నా క్లయింట్లలో కూడా కొందరు భయపడి మానేశారు. వాళ్ల భయం నాకు అర్థమైంది. అయితే క్రమం తప్పని వ్యాయామం గుండెను కాపాడుతుందన్నది దశాబ్దాలుగా తేలిన విషయం. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ప్రమాదం పెరిగేది ఏళ్లపాటు కదలకుండా ఉన్న మనిషి ఒక్కసారిగా ఒంటికి మించిన పని పెట్టుకున్నప్పుడు. ఛాతీ బరువుగా ఉన్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, ముందు డాక్టర్ దగ్గరికి పంపేవాడే ట్రైనర్.

ఇంకో మాట. ట్రైనర్‌ని సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కి చేసే ప్రథమ చికిత్స) వచ్చా అని నేరుగా అడగండి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కాలి. 108 వచ్చేదాకా ఆపకూడదు. సాయంత్రం వేళ ఈ రింగ్ రోడ్డులో అంబులెన్స్ రావడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. ఇలా అడిగినందుకు చిన్నబుచ్చుకునే ట్రైనర్‌తో మీకు పనిలేదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే చాలు. లేదా, సర్టిఫికెట్ ఎందుకు, అనుభవం చాలు

రెండూ వింటుంటాను. మన దేశంలో డాక్టరుకు, లాయరుకు ఉన్నట్టు ట్రైనర్‌కు చట్టప్రకారం లైసెన్సు అక్కర్లేదు. ఎవరైనా టీషర్టు వేసుకుని నిలబడొచ్చు. అందుకే సర్టిఫికెట్ అడగాలి. ఏస్, ఎన్ఎస్‌సీఏ, ఏసీఎస్ఎం లాంటి అమెరికా సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్లకు పర్యవేక్షణలో పరీక్ష ఉంటుంది, కొన్నేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గోడకు కట్టిన కాగితం మీద తేదీ చూడండి. అయితే ఆ పరీక్ష పాసైతే శరీరం గురించి చదివాడని తెలుస్తుందే తప్ప, మీ మాట వింటాడని తెలియదు.

అపోహ: మర్నాడు లేవలేకపోతేనే వర్కౌట్ బాగా జరిగినట్టు

అన్నిటికంటే ఎక్కువ మందికి హాని చేస్తున్న నమ్మకం ఇదేనని నా అభిప్రాయం. "నిన్న మా ట్రైనర్ చంపేశాడు" అని గొప్పగా చెప్పుకుంటారు. అలవాటు లేని పని చేస్తే ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఒళ్లు నొప్పులు ఎక్కువగా ఉంటాయి. చాలామంది అనుకున్నట్టు అది కండరంలో తయారయ్యే లాక్టిక్ యాసిడ్ వల్ల కాదు, వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. కండరపు పోగుల్లో వచ్చే సన్నటి దెబ్బలు, వాటిని బాగుచేసుకునే క్రమమే ఆ నొప్పికి కారణం. నొప్పి ఎక్కువైతే లాభం ఎక్కువని ఎక్కడా లేదు. అలవాటైన ఒంటికి నొప్పి తగ్గుతుంది, బలం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

నొప్పి గురించి చెప్పడానికి మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి. పట్టేసింది, పీకుతోంది, సలుపుతోంది, లాగుతోంది, గుచ్చుతోంది, మండుతోంది, తిమ్మిరెక్కింది. వీటిలో ఏ రెండూ ఒకటి కాదు. నేను క్లయింట్‌ను "నొప్పి ఉందా?" అని అడగను, "ఎలా ఉంది?" అని అడుగుతాను. తొడలు రెండూ పట్టేసినట్టున్నాయంటే కాసేపు నడిపించి తేలిక పని ఇస్తాను. కీలు దగ్గర ఒకే చోట గుచ్చుతోందంటే ఆ వ్యాయామం అక్కడితో ఆపేస్తాను. నడుము నుంచి పిక్క దాకా తిమ్మిరి పాకుతోందంటే అది నరం విషయం, డాక్టర్ చూడాలి. ఛాతీ మీద బండ పెట్టినట్టుందంటే జిమ్ పని అయిపోయినట్టే, 108కి ఫోన్ చేయాలి. ఈ ఊళ్లో ఇంగ్లీషులోనో, రాని కన్నడలోనో, హిందీలోనో చెప్పాల్సి వచ్చి పెద్దవాళ్లు అన్నిటికీ "పెయిన్" అనేస్తారు. మీ అమ్మానాన్నలను చేర్పిస్తుంటే, వాళ్ల భాష తెలిసిన ట్రైనర్ దొరుకుతారేమో చూడండి. దొరక్కపోతే మొదటి వారం మీరు పక్కన ఉండండి.

మొదటి రోజే వందల బస్కీలు తీయించే ట్రైనర్లు ఉన్నారు. మితిమీరితే కండరం విరిగి అందులోని పదార్థం రక్తంలోకి వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. వ్యాయామం చేసిన ఒకటి రెండు రోజులకు మూత్రం కోలా రంగులో వస్తే, కండరాలు వాచి కదపలేకపోతే, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నాకు తెలిసిన ఒక కుర్రాడు పీజీలో ఒక్కడే పడుకుని "ఇది మామూలే" అనుకుంటూ రెండు రోజులు గడిపాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించుకున్నాడు.

అపోహ: స్క్వాట్‌లో మోకాలు కాలివేళ్లు దాటితే అరిగిపోతుంది

మోకాలిని బలవంతంగా వెనక్కి ఆపితే ఆ భారం తుంటి మీదికి, నడుం మీదికి పోతుంది. మన అమ్మమ్మలు గొంతుక్కూర్చుని గంటల తరబడి పని చేసేవారు, వాళ్ల మోకాళ్లు వేళ్లు దాటే ఉండేవి. తొడ ఎముక పొడవును బట్టి ఒక్కొక్కరి స్క్వాట్ ఒక్కోలా ఉంటుంది. అందరినీ ఒకే అచ్చులో పెట్టేవాడు చూడటం లేదని అర్థం.

అపోహ: ట్రైనర్ చెప్పిన పౌడర్ వాడకపోతే ఫలితం రాదు

మొదట్లో నేను పనిచేసిన ఒక జిమ్‌లో ట్రైనర్లకు నెలకు ఇన్ని డబ్బాలు అమ్మాలని టార్గెట్ ఉండేది. జీతంలో కొంత దాని మీదే ఆధారపడేది. నాకు మనసొప్పక మానేశాను. అందుకే పౌడర్ సలహా వస్తే, అందులో వాళ్లకు కమీషన్ ఉందేమో అడగడానికి మొహమాట పడకండి.

లెక్క చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని కూడా ఆ సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. క్రమంగా బరువులు ఎత్తేవాళ్లకు 1.4 నుంచి 2 గ్రాముల దాకా కావాలని క్రీడా పోషకాహార నిపుణులు అంటారు. ఈ తేడా నిజమే, వాదన కూడా ఉంది. కానీ నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ 50 కూడా తినడం లేదు. మెస్‌లో ప్లేటు నిండా అన్నం, పైన పలచటి పప్పు, మజ్జిగ. ముందు అక్కడ సరిచేయాలి. గుడ్డులో సుమారు 6 గ్రాములు, 50 గ్రాముల మీల్‌మేకర్‌లో 25 దాకా. పప్పు గట్టిగా వండించుకోండి, పెరుగు పెంచండి. ఆ తర్వాత కూడా చాలకపోతే, పాల నుంచి తీసే వే ప్రోటీన్ ఒక ఆహారమే, మందేమీ కాదు, డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబర్ చూసి కొనుక్కోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దాని జోలికి పోకూడదు. ఇక ఏ ట్రైనరైనా ఇంజెక్షన్ అన్నా, నీరు తీసే మాత్రలన్నా, అక్కడి నుంచి వచ్చేయండి.

అపోహ: ఆడవాళ్లు బరువులెత్తితే మగవాళ్లలా తయారవుతారు

శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు లిఫ్టులు కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మన దేశంలో ఒలింపిక్ పతకం గెలిచిన తొలి మహిళ ఆమె. అయినా మన ఇళ్లలో ఈ మాట పోలేదు. కండ పెంచే టెస్టోస్టెరాన్ ఆడవాళ్లలో చాలా తక్కువ. నెలసరి ఆగిన తర్వాత ఎముకలు పలచబడే వయసులో అమ్మలకు కావాల్సింది ఈ బరువులే. రెండు కిలోల గులాబీ డంబెల్ ఇచ్చి పంపించే ట్రైనర్ వాళ్లకు న్యాయం చేయడం లేదు. అలాగే ఫామ్ (వ్యాయామం చేసే తీరు) సరిచేయడానికి చెయ్యి వేసే ముందు "పట్టుకోనా?" అని అడగాలి. ప్రతిసారీ అడగాలి. అడగకుండా తాకితే ఆ రోజే ఆపమని చెప్పే హక్కు మీకుంది.

అపోహ: రోజూ కొత్త వ్యాయామం చేయిస్తేనే మంచి ట్రైనర్

కొత్తదనం బాగానే ఉంటుంది, కానీ రోజూ మారిపోతే మీరు ఎదిగారో లేదో తెలిసేదెలా? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో థామస్ డెలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు గాయపడిన సైనికులకు పది రెప్‌ల (ఒక బరువును వరసగా పదిసార్లు ఎత్తడం) సెట్లు పెట్టి, బలం పెరిగే కొద్దీ బరువు పెంచుతూ వెళ్లాడు. ఈనాటికీ మా పనికి ఆధారం అదే. అదే వ్యాయామం, కొద్దిగా ఎక్కువ బరువు, లేదా ఇంకో రెప్. మొదటి వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు పని నేర్చుకోవడం వల్ల వచ్చేది, అద్దంలో కనబడదు. పుస్తకంలో కనబడుతుంది. అందుకే నా ప్రతి క్లయింట్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉంటుంది, వాళ్లే రాసుకుంటారు. నిద్ర ఎన్ని గంటలు అన్నది కూడా. రాత్రి రెండింటి దాకా కాల్స్‌లో ఉండి వచ్చిన రోజున బరువు తగ్గిస్తాను.

ట్రయల్ సెషన్‌కు వెళ్లినప్పుడు ట్రైనర్ మీ వైపు చూస్తున్నాడా, ఫోన్ వైపు చూస్తున్నాడా గమనించండి. మీ ముందు సెషన్‌లో ఉన్న మనిషికీ మీకూ ఒకే వ్యాయామాలు ఇచ్చాడేమో చూడండి. డిస్కౌంట్ ఉందని ఏడాది ప్యాకేజీ ఒకేసారి కట్టకండి. ముందు పన్నెండు సెషన్లు తీసుకోండి. అవి ఎన్నాళ్లలో వాడుకోవాలి, మధ్యలో ఊరెళ్తే ఏమవుతుంది, ఆ ట్రైనర్ జిమ్ మారితే మిగిలిన డబ్బు తిరిగిస్తారా, ఈ మూడూ రసీదు మీదే రాయించుకోండి.